చుక్కికి నాలుగో నెల

హలో… ఆ, నేనేనండీ. ప్రభావతిని. గూడెం మిషను బళ్ళో టీచర్ని… అవునవును, ఆ కుక్కపిల్ల ఆవిడనే.

డాక్టరు గారేనా మాట్లాడేది? … అమ్మయ్య! పొద్దున్న ఏడింటికి చెప్పించానండీ ఈ ట్రంకు కాలు. ఇప్పటికి దొరికారు. మిమ్మల్ని పశువుల ఆస్పత్రి నుంచి పిలిపించి ఆ కొట్లో ఫోను దగ్గర కూర్చోబెట్టారట. ఏమీ అనుకోకండి.

నేనా? రైసు మిల్లు ఆఫీసులోంచండీ. సూర్యప్రకాశరావు గారి మిల్లు. మేనేజరు పాపారావు గారు దయతలచి ఫోను ఇచ్చారు… ఆ, ఆ హోరు ఇంజనుదే. గట్టిగానే మాట్లాడుతున్నాను.

మీ కాంపౌండరు గారు రాసిన కార్డు నిన్న సాయంత్రం అందిందండీ. డాక్టరు గారు శుక్రవారం మధ్యాహ్నం పడవెక్కి కొల్లేరు లంకలకి వెళ్తున్నారు, కుక్కపిల్లని తీసుకురావద్దు అని. 

లేదండీ, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. గేదెలకి ముసర రోగం తగిలి మందలకి మందలే చచ్చిపోతుంటే మీరు వెళ్ళాల్సిందే. వద్దనడానికి నేనెవర్ని? … ఎన్నాళ్ళు? … రెండు నెలలా! అయ్యో… రెండు నెలలు నా దగ్గర లేవండీ. అందుకే కదా ఈ గోలంతా.

నేను పదకొండింటి పాసింజరుకి వచ్చేస్తాను. సంచీ సర్దుకునే వచ్చాను. చుక్కి ఇక్కడే ఉంది, నా కాళ్ళ దగ్గర. మా సలోమి బయట అరుగు మీద కూర్చుంది. ఒంటిగంటకల్లా మీ గుమ్మంలో ఉంటాం. మీరు ఆ పడవని ఒక్క గంట ఆపించండి. ఆ ఆపరేషను చేసేసి ఎక్కండి. మీకు పుణ్యముంటుంది…

మీరు చీటీలో రాసిచ్చినట్టే చేశానండీ. నిన్న రాత్రి నుంచి దీనికి మెతుకు పెట్టలేదు. క్లోరోఫారం ఇస్తారు కాబట్టి కడుపు ఖాళీగా ఉండాలన్నారు కదా. మా అత్తగారు వరమ్మ గారైతే ఇంటిల్లిపాదికీ ఉపవాస ప్రార్థన పెట్టేశారు. కుక్క ఆపరేషనుకి ఉపవాసమేమిటని మీరు నవ్వుతారేమో… పొయ్యి వెలిగించలేదండీ ఇవాళ మా ఇంట్లో.

ఎందుకంత తొందరంటే… మా మిషను కాంపౌండులో ఆడకుక్క ఉండకూడదండీ. సంఘ పెద్ద మత్తయి గారి ఆర్డరు. పోయినేడు ఒకదాని వెనకాల ఎనిమిది మొగకుక్కలు పడి, పెళ్ళి జరుగుతుంటే గుళ్ళోకి దూసుకొచ్చాయి. పెళ్ళికూతురు బల్లెక్కి నిలబడింది… నవ్వండి, నవ్వండి. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఈ ఆదివారం ఆరాధనలోగా, పిల్లలు పుట్టకుండా ఆపరేషనన్నా చేయించు, దాన్నన్నా వదిలించుకో అన్నారు. వదిలించుకోవడమంటే ఏమిటో తెలుసు కదండీ. గోనెసంచీలో వేసి మూతి కట్టి, కాలవ పడవలో పడేస్తారు. కొల్లేట్లో ఏదో లంకమీద విప్పేసి వచ్చేస్తారు. ఇవాళ శుక్రవారం.

ఏమిటీ? … వినపడలేదు… అంత తొందరెందుకట మత్తయి గారికి అంటారా? అదేనండీ… అది పెద్దదవ్వక ముందు… అదే… మీకు అర్థమయ్యే ఉంటుంది… గట్టిగానా? ఇక్కడ మొగాళ్ళున్నారండీ… సరే. ఎదకి రాకముందు! ఎదకి! … ఖర్మ. పాపారావు గారు పుస్తకంలో తల దూర్చేశారు. బళ్ళో పిల్లలకి నీతి పాఠాలు చెప్పే దాన్ని, మిల్లంతా వినేట్టు ఏం అరుస్తున్నానో చూడండి.

— ఆ, ఎవరు? ఎక్స్ఛేంజా? మూడు నిమిషాలు అయ్యాయా? ఇప్పుడే కదండీ మొదలెట్టాను! కట్ చెయ్యకండి, మీ చెల్లెలనుకోండి. ఇంకో మూడు ఇవ్వండి… పాపారావు గారూ, ఇంకో మూడు… తల ఊపారు. ఇవ్వండి బాబూ.

డాక్టరు గారూ, ఉన్నారా? … ఆ.

ఇంకో పిల్లనా? మొగపిల్లని తెచ్చి పెంచుకోమంటారా? … మత్తయి గారూ ఇదే అన్నారు. అందరూ ఇదే అంటారు. ఊరకుక్కే కదా, ఈ మిల్లు ఊక పోగు కింద పుట్టిందే కదా, ఇలాంటివి పది దొరుకుతాయని.

దొరకదండీ. ఇలాంటిది ఇంకోటి దొరకదు.

మీకు అప్పుడు చెప్పలేదు. మీరు గూడెం సంతకి ఎడ్లని చూడ్డానికి వచ్చినప్పుడు దీన్ని చూపించాను కానీ ఈ మాట చెప్పలేదు. పిచ్చిదనుకుంటారని. ఇప్పుడు చెప్తాను, మీరేమనుకున్నా సరే.

మా సలోమికి మూర్ఛ ఉందండీ. ఆరేళ్ళ పిల్ల. మందు తాగిస్తూనే ఉన్నాం… అది ఎప్పుడొస్తుందో తెలీదు. మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోతుంది. పోయిన సంక్రాంతి నెలలో పొయ్యి దగ్గర పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. నేను బళ్ళో ఉన్నాను. మావారు పోయి మూడేళ్ళు. అత్తగారికి చూపు ఆనదు. ఇరవైనాలుగు గంటలూ ఎవరు చూస్తారండీ పిల్లని?

ఇది చూస్తోంది.

అవునండీ, ఈ కుక్కే! దానికి ముందే తెలిసిపోతుంది. పిల్లకి రాబోతోందంటే ఐదు నిమిషాల ముందు, పది నిమిషాల ముందు, కుయ్ కుయ్ మంటుంది. పిల్ల చుట్టూ తిరుగుతుంది, నా దగ్గరికొచ్చి కొంగు పట్టుకుని లాగుతుంది. మొదటిసారి ఆటనుకున్నాను. రెండోసారి అనుమానం వచ్చింది. మూడోసారి దాని వెంట వెళ్ళానండీ. పిల్ల చెంబు పట్టుకుని కాలవ రేవులో ఆఖరి మెట్టు మీద ఉంది. నేను వెళ్ళి జడ పట్టుకోవడం, పిల్ల ఒళ్ళు విరుచుకుని పడిపోవడం… నా చేతిలో జడ, నీళ్ళలో పిల్ల కాళ్ళు…

ఏడవడం లేదు. చెప్తున్నాను.

నాలుగుసార్లు చెప్పింది. నాలుగుకి నాలుగూ. నేను రాసి పెట్టుకున్నాను, తారీకులతో సహా. కావాలంటే వచ్చినప్పుడు చూపిస్తాను… నమ్ముతున్నారా? నిజంగానా? … మీరొక్కరే నమ్మారండీ ఇప్పటికి. దేవుణ్ణి నమ్ముకో, కుక్కని కాదు అన్నారు మత్తయి గారు. దేవుడు పంపించాడనుకోకూడదా అన్నాను. దానికి కోపం వచ్చింది ఆయనకి.

అందుకని… అందుకని ఇవాళే చేసెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

పళ్ళా? ఏ పళ్ళు? … దీనివా? … ఉండండి, చూస్తాను. నోరు తెరువే… తెరు… ముందు చిన్నవి ఉన్నాయి, సూదుల్లా… ఊడాయా అంటే… ఒకటి ఊడినట్టుందండీ. ఒక్కటే. కోరలవీ పాలపళ్ళే.

ఆ… మీరు ఆరు నెలలని రాసుకున్నారు. నేనే చెప్పాను…

డాక్టరు గారూ, నేనొక అబద్ధం చెప్పాను.

జార్జి రాజు గారి జూబిలీకి సెలవుల్లో పిల్లల్ని బడికి పిలిచి మిఠాయి పంచాం చూడండి, మే నెలలో. ఆ వారమే పుట్టింది ఇది. ఇప్పుడు సెప్టెంబరు. నాలుగు నెలలు… నాలుగే. ఆరని ఎందుకు చెప్పానంటే, చిన్నదంటే మీరు చెయ్యరేమోనని. మీ మొహం మీదే చెప్పాను. మీరు రాసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. తల కొట్టేసినట్టుంది నాకు ఇప్పుడు.

తిట్టండి. తిట్టి, చెయ్యండి.

… … …

ఊ… వింటున్నాను.

ఊ.

ఎన్ని చేశారన్నారు? … ఇంత చిన్నవాటికి మూడా? … మూడింట్లో రెండు లేవలేదా. క్లోరోఫారంలోనే… ప్రభువా.

పెద్ద కుక్కలకైతే? … అదీ తక్కువేనా. మన వైపు ఎవరూ చేయించరా… అవున్లెండి. కోడెలకంటే చేయిస్తారు, ఆడకుక్కకి ఎవరు చేయిస్తారు, గోనెసంచీ ఉండగా.

మరి ఎప్పుడు చెయ్యాలంటారు? … పళ్ళన్నీ మారాక. ఏడో నెలలోనా… ఎనిమిది దాకా ఆగొచ్చా? మరి ఈలోగా ఎదకి వచ్చేస్తేనో? … ఆరు దాటితే గానీ రాదా, సాధారణంగా? … వస్తే? … మూడు వారాలు గదిలో పెట్టి తలుపేసుకోవాలి. అది అయ్యాక ఇంకో రెండు నెలలు ఆగి చెయ్యాలి. సరే, అర్థమైంది.

అర్థమైందండీ, కానీ మత్తయి గారికి పళ్ళ లెక్క తెలీదే! ఆయనకి ఆదివారం లెక్క ఒక్కటే తెలుసు.

ఊరుకోవే… చుక్కీ, కూర్చో. … ఏం లేదండీ, ఇది కుయ్ మంటోంది. ఆకలి. పాపం, రాత్రి నుంచి పస్తు కదా.

ఇంకోటి అడుగుతాను. ఇదే అసలు అడగాలనుకున్నది. ఆపరేషను చేశాక… దానికి ఆ తెలివి ఉంటుందా? … అదేనండీ, పిల్లకి వచ్చేది కనిపెట్టే తెలివి. కోడెని కొట్టించి ఎద్దుని చేశాక మెత్తబడిపోతుంది కదా. పొగరు పోతుంది, ఎవర్నీ కుమ్మదు, కాడి వేస్తే నడుస్తుంది. అలా ఇదీ మెత్తబడిపోయి, ఓ మూల పడుకుని, పిల్ల పడిపోతున్నా చూస్తూ ఊరుకుంటుందేమోనని… రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదండీ నాకు.

… తెలీదా.

ఏ పుస్తకంలోనూ లేదా. మద్రాసులో చదివిన మీకే తెలీకపోతే నేనెవర్ని అడగను?

లేదు లేదు, తెలీదని చెప్పారు, అదే మేలు. తెలుసని చెప్పి నన్ను ముంచేవాళ్ళే అందరూ…

అబ్బ, ఉండవే! కొంగు వదులు… మాట్లాడనివ్వదు కదా. వస్తున్నాను, రైల్లో పెడతాను… రైల్లోనూ పెట్టకూడదు నీకు, నా తల్లీ…

ఆ, చెప్పండి… అంటే ఇప్పుడు చేస్తే ఇది చచ్చిపోవచ్చు. చెయ్యకపోతే మత్తయి గారు పడవెక్కిస్తారు. బతికి బట్టకట్టినా ఆ తెలివి పోవచ్చు. మూడు దారులూ మూసేశారు కదండీ! ఏదో ఒకటి తెరవండి. మీరు చదువుకున్న వారు. నేను ఒంటరి ఆడదాన్ని, క్వార్టరు మిషను వాళ్ళది, ఉద్యోగం వాళ్ళది, ఎదురు తిరిగితే పిల్లనీ ముసలావిణ్ణీ వేసుకుని ఎక్కడికి పోతాను? ఒకటి చెప్పండి. మీరు చెయ్యమంటే చేయిస్తాను. ఇవాళ తెస్తాను. దాని ప్రాణం దాని అదృష్టం…

ఎక్స్ఛేంజి వారూ, అప్పుడే కాదు! ఇంకో మూడు! ఆయన చెప్పబోతున్నారు!

చెప్పండి, వింటు— ఛీ, ఏమిటిది! చీర చిరుగుతోంది! పంతులమ్మనని కూడా లేదు, ఇంతమంది ముందు… పో అవతలికి! … కొట్టాను, కుయ్యోమంటోంది. ఆకలికి పిచ్చెక్కినట్టుంది దీనికి. ఏమనుకోకండి, మీరు చెప్పం—

పాపారావు గారూ, దాన్ని కాస్త పట్టుకుంటారా? తాడు తెంపుకుంటోంది. గుమ్మంకేసి లాగు…

గుమ్మంకేసి…

అయ్యో.

అయ్యో, అయ్యో! ఆకలి కాదండీ ఇది! … సలోమీ! … పాపారావు గారూ, పిల్లేదండీ? అరుగు మీద లేదు! ఇప్పటిదాకా ఇక్కడే… సలోమీ! తాడు వదలండి! దాన్ని వదిలెయ్యండి, అది చూపిస్తుంది! వదలం—

… … …

… … …

… … …

హలో.

హలో… డాక్టరు గారూ… ఉన్నారా…

ఉన్నారు. పెట్టెయ్యలేదు మీరు.

… దొరికిందండీ. దొరికింది. ఉండండి, ఊపిరి తీసుకోనివ్వండి.

వడ్లు నానబెట్టే తొట్లున్నాయండీ ఇక్కడ, మనిషి లోతువి. వాటి గట్టెక్కి కూర్చుంది, నీళ్ళలో మొహం చూసుకుంటూ. చుక్కి ముందు పరుగెత్తింది, వెనకాల నేను, నా వెనకాల పాపారావు గారు. నేను వెళ్ళేసరికి పిల్ల మెడ వంకర తిరుగుతోంది. ఇది పిల్ల గౌను పట్టుకుని వెనక్కి లాగుతోంది. ఎంతుందండీ ఇది, మూరెడు లేదు! పాపారావు గారు పిల్లని ఎత్తుకున్నారు. ఆయన చేతుల్లోనే మూర్ఛ వచ్చేసింది.

ఆ, పక్కకి తిప్పి పడుకోబెట్టాను. నురగ తుడిచాను. పాపారావు గారు మిల్లు తాళాలు తెచ్చి పిల్ల చేతిలో పెట్టారు. వద్దనలేకపోయాను. తగ్గిందండీ. నిద్రపోతోంది. ఆఫీసులోనే, బల్ల మీద.

నేను దాన్ని కొట్టానండీ.

అది చెప్తూనే ఉంది. మీతో మాట్లాడుతున్నంతసేపూ చెప్పింది. నాలుగుసార్లని తారీకులు రాసుకున్న దాన్నే, ఐదోసారి చెప్తే ఆకలన్నాను. కొట్టాను. మూతి మీద కొట్టాను.

… ఆ? పిల్లా? పిల్ల ఏం తిన్నదంటారా, పొద్దున్న?

…

ఏమీ తినలేదండీ.

ఉపవాస ప్రార్థన కదా. పిల్లకెందుకు అత్తయ్యా అన్నాను. పిల్లే, చుక్కి కోసం తనూ ఉంటానంది. చుక్కి తినకుండా నేను తిననంది. సరే మంచిదేగా, ముచ్చటగా ఉందనుకున్నాను… ఉపవాసానికి మూర్ఛ వస్తుందా? … కడుపు మాడితే రావచ్చా. మీరు పశువుల డాక్టరు, మీకు తెలుసు. నాకు తెలీదు. కన్నతల్లిని.

లేదండీ. ఇంక ఉపవాసాలు లేవు మా ఇంట్లో, ఈ పిల్ల ఉన్నంతకాలం. అత్తగారికి నేను చెప్తాను.

ఇందాక మీరేదో చెప్పబోయారు. ఫోను పడేసి పోయాను… చేస్తాననే చెప్పబోయారా? పడవ ఆపించి? … మంచివారండీ మీరు. రెండు గంటలు ఆగుతానంటున్నారా… … వద్దండీ.

వద్దు. రాను ఇవాళ.

అవునండీ, ఇంతసేపూ చెయ్యమని ప్రాణం తీసింది నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. మూడింట్లో రెండు లేవలేదన్నారు కదా. అది లేవకపోతే రేపు నాకెవరు చెప్తారండీ? తొట్టి దగ్గరుందని, రేవులో ఉందని? మీరు లంకల నుంచి తిరిగొచ్చాక, క్రిస్మసు లోపల తెస్తాను. పళ్ళు చూసి చెప్పండి. చెయ్యొచ్చంటే అప్పుడు చేద్దాం. ఎప్పుడన్నది ఇక దాని పళ్ళు చూసే, మత్తయి గారి మొహం చూసి కాదు.

ఆ తెలివి పోతుందేమోనన్న భయం పోలేదండీ. అప్పుడూ ఉంటుంది. కానీ ఈ మూడు నెలలూ అయితే అది నా పిల్లతో ఉంటుంది కదా. ఉన్నదాన్ని చేతులారా తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టలేను.

ఆదివారమా? … ఆదివారం మత్తయి గారికి క్వార్టరు తాళం ఇచ్చేస్తాను. కుక్క పోవాలంటే నేనూ పోతానని చెప్తాను… ఎక్కడికి పోతానో తెలీదండీ. నిజంగా తెలీదు. అడక్కండి. ఉద్యోగం ఉంచుతారో లేదో కూడా తెలీదు. అన్నీ ఆదివారం చూసుకుంటాను. ఇవాళ పిల్ల బతికింది.

… పాపారావు గారేదో అంటున్నారు… ఏంటండీ? … అయ్యో, మీరు రావడమెందుకండీ మత్తయి గారి దగ్గరికి… చూసింది చెప్తారా… ఆయన వింటారో వినరో… సరే. రండి. రావద్దని ఎలా అంటాను?

— ఆ, ఎక్స్ఛేంజి వారా… అయిందా? … ఇంకో మూడా? మీరే ఇస్తానంటున్నారా? మీరూ విన్నారా ఇదంతా! … పిల్ల బాగుంది బాబూ. బాగుంది. వద్దు లెండి, చాలు. అడగాల్సిందేమీ లేదు.

డాక్టరు గారూ, పడవ జాగ్రత్తండీ. కొల్లేరు నిండుగా ఉందంటున్నారు. అబద్ధం చెప్పినందుకు క్షమించండి. మీ పుస్తకంలో ఆరు కొట్టేసి నాలుగని రాసుకోండి…

ఉండండి. ఇది మళ్ళీ కొంగు లాగుతోంది.

… ఏమే, చెప్పు. ఎక్కడికి? చూపించు… పిల్ల దగ్గరికి కాదండీ. పిల్లకేసి చూడటం లేదు. పాపారావు గారి అన్నం కారియరుకేసి చూస్తోంది.

ఇప్పుడు ఆకలేనండీ. పెట్టాలి దీనికి.

ఉంటాను.